మేడ మీది గదిలో రికార్డింగుకు ఆడియో ఇంటర్‌ఫేస్: ఎన్ని ఇన్‌పుట్‌లు ఉంటే సరిపోతుంది?

ప్రశ్న
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం నుంచి

అందరికీ నమస్కారం. నేను ఎంవీపీ కాలనీలో కర్ణాటక సంగీతం నేర్పుతుంటాను. మా మేడ మీద పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గది ఒకటి ఖాళీ అయింది. దానిని చిన్న రికార్డింగ్ గదిగా మార్చి, పాఠాలనూ, చేయి తిరిగిన శిష్యుల గానాన్నీ పద్ధతిగా భద్రపరచాలన్నది నా కోరిక. ఇంతవరకు ఫోనుతోనే నెట్టుకొచ్చాం. అయితే మృదంగం మీద గట్టి దెబ్బ పడిన ప్రతిసారీ ఫోను మొత్తం ధ్వనిని తనంతట తానే తగ్గించేస్తోంది. ఆ వెంటనే వచ్చే గమకం వినిపించకుండా పోయి, రెండు మూడు అక్షరాల తర్వాత గొంతు మళ్లీ మెల్లగా పైకి తేలుతోంది. పాఠంలో గమకమే వినిపించకపోతే శిష్యులు దానిని విని నేర్చుకునేదేమీ ఉండదు.

నా దగ్గర విండోస్ 11తో నడిచే డెస్క్‌టాప్ కంప్యూటరు ఉంది, అందులో 16 జీబీ ర్యామ్ ఉంది. రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరును కొద్దిగా అలవాటు చేసుకున్నాను. మైకుల విషయానికొస్తే, ఒక కండెన్సర్ మైకు, రెండు షూర్ ఎస్ఎం57 మైకులు ఉన్నాయి. మైకులను కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్ ఒక్కదాని కోసమే నలభై వేల రూపాయల వరకు పెట్టగలను. ఎక్కువ రోజులు నా గొంతొక్కటే రికార్డవుతుంది. నెలకు ఒకటి రెండుసార్లు మాత్రం గాత్రం, వయొలిన్, మృదంగం ఒకే గదిలో కూర్చుని కలిసి వాయిస్తాయి. వీటికి తోడు మా మేనల్లుడు ఉత్తరాంధ్ర జానపద బృందాల పాటలు సేకరిస్తున్నాడు. వాడికీ ఈ పరికరమే పనికొస్తే బాగుంటుంది.

నా సందేహాలు మూడు. రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్‌తో సరిపెట్టుకోవచ్చా, లేక నాలుగో ఎనిమిదో ఉన్నదే తీసుకోవాలా? శాంపిల్ రేటు, అంటే సెకనుకు ధ్వనిని కొలిచే సంఖ్య, 192 కిలోహెర్ట్జ్ వరకు వెళ్లేదే వృత్తి కళాకారులకు తగినదని ఒక దుకాణంలో చెప్పారు, అది నిజమేనా? ఒకే ధరలో ఇన్‌పుట్‌లు తక్కువ ఉన్న పరికరం, ఎక్కువ ఉన్న పరికరం రెండూ దొరికినప్పుడు, మొదటిదాని ధ్వని అంత మెరుగ్గా ఉంటుందా?

సమాధానం
గాజువాక నుంచి

మాష్టారికి నమస్కారం. నేను డబ్బింగ్, భక్తిగీతాల రికార్డింగులు చేస్తుంటాను. మీ మొదటి సందేహం దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగిలిన రెండింటి కన్నా కొనుగోలును నిజంగా నిర్ణయించేది అదే.

ఒకే సమయంలో మోగే వాటిని ముందుగా లెక్కపెట్టండి. గాత్రానికి ఒక మైకు, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున నాలుగు అవుతాయి. మృదంగాన్ని ఒక్క మైకుతో కూడా పట్టుకోవచ్చు గానీ, కుడివైపు చాపు నాదమూ ఎడమవైపు గుంకీ రెండూ సమంగా రావాలంటే మైకును ఎదురుగా కొంత దూరంలో పెట్టాలి. చిన్న గదిలో అలా పెడితే అందులో గాత్రం కూడా దండిగా చేరిపోతుంది. కాబట్టి మీ అవసరానికి మైకు ప్రీయాంపులు, అంటే మైకు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే భాగాలు, కనీసం నాలుగు ఉండాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. పెట్టె మీద రాసిన అంకెను చూసి అన్ని మైకులు పెట్టుకోవచ్చని అనుకోకూడదు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ8 మూడో తరం పేరులో పద్దెనిమిది ఇన్‌పుట్‌లు ఉన్నాయి, కానీ వాటిలో మైకు ప్రీయాంపులు నాలుగే. మరో నాలుగు లైన్ ఇన్‌పుట్‌లు, ఎనిమిది ఏడాట్ అనే ఆప్టికల్ తీగ ద్వారా వచ్చేవి, రెండు ఎస్పీడిఫ్ అనే డిజిటల్ తీగ ద్వారా వచ్చేవి. మోటూ ఎం4 విషయమూ అంతే. పేరులో నాలుగున్నా మైకు పెట్టగలిగేవి రెండే, మిగిలిన రెండు కీబోర్డు వంటి లైన్ స్థాయి సాధనాలకు ఉద్దేశించినవి. ఎం4 చాలా మంచి పరికరం, నేను దానిని ఇష్టంగా వాడతాను, అయినా మీ మృదంగానికి అందులో చోటు లేదు. దుకాణంలో అడిగేటప్పుడు "ఎన్ని ఇన్‌పుట్‌లు" అని కాకుండా "ఎన్ని మైకు ప్రీయాంపులు" అని అడగండి.

రెండు చిన్న ఇంటర్‌ఫేస్‌లు కొని కలిపి వాడుకుందామని కొందరు అనుకుంటారు. విండోస్‌లో రికార్డింగు సాఫ్ట్‌వేర్లు వాడే ఏసియో పద్ధతి ఒక సమయంలో ఒకే పరికరాన్ని గుర్తిస్తుంది కాబట్టి ఆ దారి మీకు పనికిరాదు. భవిష్యత్తులో ఇన్‌పుట్‌లు పెంచుకోవాలన్న ఆలోచన ఉంటే, ఏడాట్ ఇన్‌పుట్ ఉన్న ఇంటర్‌ఫేస్ తీసుకుని, తర్వాత ఎనిమిది ప్రీయాంపులున్న పెట్టెను దానికి తగిలించుకోవడం సరైన మార్గం. 48 కిలోహెర్ట్జ్‌లో ఒక ఏడాట్ తీగ ఎనిమిది చానెళ్లను మోస్తుంది, 96కు వెళితే నాలుగింటినే మోస్తుంది. ఆ రెండు పెట్టెల్లో ఏదో ఒకదాని గడియారాన్నే, అంటే శాంపిళ్ల లయను నడిపేదాన్నే, రెండోది అనుసరించేలా అమర్చుకోవాలి. లేకపోతే రికార్డింగులో అక్కడక్కడా చిటుకు చిటుకుమనే శబ్దాలు పడతాయి.

ప్రీయాంపుల లెక్క తర్వాత నేను అన్నిటికన్నా ఎక్కువ బరువు ఇచ్చేది డ్రైవరుకు, అంటే పరికరాన్నీ కంప్యూటరునూ కలిపే సాఫ్ట్‌వేరుకు. తయారీదారు సొంతంగా ఏసియో డ్రైవరు రాసి, విండోస్ 11 కోసం దానిని తాజాగా ఉంచుతున్నారో లేదో వారి వెబ్‌సైటులో చూడండి. కొన్ని చవక పరికరాలు సొంత డ్రైవరు లేకుండా ఏసియో4ఆల్ అనే ఉమ్మడి సర్దుబాటు మీద ఆధారపడతాయి. గంటసేపు ఆగకుండా సాగే కచేరీ రికార్డింగుకు వాటిని నమ్ముకోమని నేను చెప్పలేను. ప్రీయాంపులో స్వల్పంగా లోపమున్నా శ్రోత గమనించకపోవచ్చు గానీ, రాగాలాపన మధ్యలో శబ్దం ఒక్క క్షణం తెగితే ఆ ఆలాపన మొత్తం పోయినట్టే.

192 కిలోహెర్ట్జ్ గురించి మీరు చింతించవలసిన పని లేదు. ఇప్పుడు వస్తున్న చవక పరికరాలు కూడా చాలావరకు అంతదాకా వెళతాయి, కాబట్టి వాటి నాణ్యతకు అది గుర్తు కాదు. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే 24 కిలోహెర్ట్జ్ లోపు పౌనఃపున్యాలన్నీ నమోదవుతాయి, మనిషి చెవి పరిధి 20 దగ్గరే ముగుస్తుంది. మీ పాఠాలు వీడియోగా కూడా వెళ్లే అవకాశం ఉంది కాబట్టి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లను స్థిరంగా పెట్టుకోండి. ఆ లెక్కన ఒక ట్రాకుకు నిమిషానికి దాదాపు 8.6 మెగాబైట్లు, నాలుగు ట్రాకుల గంట కచేరీకి రెండు గిగాబైట్లకు కాస్త ఎక్కువ చోటు పడుతుంది. 192కు వెళితే అదంతా నాలుగింతలవుతుంది, కంప్యూటరు మీద భారమూ పెరుగుతుంది, వినేవారికి మాత్రం తేడా తెలియదు.

సమాధానం
సీతమ్మధార నుంచి

గాజువాక మిత్రులు చెప్పిన లెక్క సరైనదే. మాష్టారి మూడో సందేహం, అంటే ధ్వని నాణ్యత గురించి, నేను అంకెలతో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ప్రీయాంపు తనంతట తాను పుట్టించే సన్నని బుస్సుమనే రొదను ఈఐఎన్ అనే కొలతతో చెబుతారు. మధ్యతరగతి ధరల్లో దొరికే మంచి ఇంటర్‌ఫేస్‌లలో అది మైనస్ 128 డీబీయూ దరిదాపుల్లో ఉంటుంది. వోల్టులలో చెప్పాలంటే దాదాపు 0.3 మైక్రోవోల్టు. ఇప్పుడు మీ గదిని చూద్దాం. ఫ్యాను ఆపి, కిటికీలు మూసినా, ఊళ్లో ఉన్న మామూలు గదిలో 35 డెసిబెల్‌ల శబ్దం ఉంటుందనుకుంటే ఎక్కువ చెప్పినట్లు కాదు. ఒక పాస్కల్ ధ్వనికి 20 మిల్లీవోల్టులు ఇచ్చే కండెన్సర్ మైకు ఆ గది శబ్దాన్ని సుమారు 22 మైక్రోవోల్టులుగా మార్చి పంపుతుంది. అంటే గది పంపే రొద ప్రీయాంపు రొదకు డెబ్బై రెట్లు. ఎస్ఎం57 వంటి తక్కువ శక్తినిచ్చే డైనమిక్ మైకుతో కూడా గది శబ్దమే దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఇంకా ఖరీదైన ఇంటర్‌ఫేస్ కొంటే ఆ 0.3 కాస్త తగ్గుతుంది, 22 మాత్రం అలాగే ఉంటుంది.

అందుచేత ఒకే ధరలో రెండు ప్రీయాంపుల పరికరం నాలుగింటి పరికరం కన్నా మెరుగ్గా వినిపిస్తుందన్న ఆశతో మొదటిదాన్ని ఎంచుకోవద్దు. అయితే ఒక్క అంకెను మాత్రం తప్పక చూడండి, అది గెయిన్, అంటే ప్రీయాంపు మైకు ధ్వనిని ఎంత పెంచగలదన్నది. షూర్ ఎస్ఎం7బీ లాంటి మైకు పెట్టుకుని మెల్లగా చదివే పని ఉంటే 60 డెసిబెల్‌ల గెయిన్ కావాలని దాని తయారీదారే సూచిస్తారు. స్కార్లెట్ 2ఐ2 నాలుగో తరంలో 69 డెసిబెల్‌లు ఉన్నాయి, ఆడియంట్ ఈవో 8లో 58 ఉన్నాయి. మీ దగ్గరున్న కండెన్సర్ మైకుకు ఇంత అవసరం రాదు. రేపు వ్యాఖ్యానం కోసం డైనమిక్ మైకు కొనాలనుకుంటే మాత్రం ఈ అంకె గుర్తుకు రావాలి.

మృదంగం విషయంలో సమస్య దీనికి తలకిందులుగా ఉంటుంది. దగ్గరగా పెట్టిన మైకులోకి గట్టి దెబ్బ ఒక్క క్షణంలో చాలా ఎత్తుకు లేచి పడుతుంది. వాయిద్యకారుడు శ్రుతి సరిచేసుకుంటూ వాయించేటప్పుడు చూసి గెయిన్ పెట్టుకుంటే, మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనంలో మీటరు ఎర్రగా వెలుగుతుంది. అందువల్ల ఆయన్ని తని ముగింపులో వచ్చే మోహరా వాయించమని అడిగి, ఆ దెబ్బలు మీటరులో మైనస్ 12 దాటకుండా పెట్టుకోండి. 24 బిట్‌లలో కింద బోలెడంత చోటు ఉంది కాబట్టి తక్కువ స్థాయిలో రికార్డు చేసినా నష్టం లేదు. మీ ఫోను చేస్తున్న తప్పుడు సర్దుబాటు ఇంటర్‌ఫేస్‌లో ఉండదు, మీరు పెట్టిన గెయిన్ పెట్టినట్లే ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం పై సమాధానంతో నాకు భేదం ఉంది. పది, పన్నెండు అడుగుల గదిలో ముగ్గురు కూర్చుంటే నాలుగు మైకులు నాలుగు విడి ధ్వనులను పట్టుకోవు. ప్రతి మైకులోకీ మిగిలిన ఇద్దరూ వస్తారు, అది కూడా కొద్దిపాటి ఆలస్యంతో వస్తారు. ఆ నాలుగింటినీ కలిపినప్పుడు గాత్రం పీపాలోంచి వినిపించినట్లు బోలుగా తయారయ్యే ప్రమాదం ఉంది. రెండు మైకుల మధ్య దూరం, మైకుకూ దాని ముందున్న కళాకారుడికీ మధ్య దూరానికి కనీసం మూడు రెట్లు ఉండాలన్న నియమం అందుకే పుట్టింది. దానికి బదులు ఒకే రకం కండెన్సర్ మైకులు రెండింటిని పదిహేడు సెంటీమీటర్ల ఎడంతో, 110 డిగ్రీల కోణంలో విప్పి, కళాకారులకు ఎదురుగా నిలబెడితే, మనం వేదిక ముందు కూర్చుని విన్న పొందిక చాలావరకు వస్తుంది. దీనికి రెండు ప్రీయాంపులు చాలు. మిగిలే డబ్బుతో మీ కండెన్సర్‌కు జోడు కొనవచ్చు, గోడలకు రాక్‌వుల్ పలకలు బిగించవచ్చు, నేల మీద మందపాటి జంబుఖానా పరచవచ్చు.

సమాధానం
డాబాగార్డెన్స్ నుంచి

నాది ఎలక్ట్రానిక్ పరికరాలు బాగుచేసే పని. ఏ ఇంటర్‌ఫేస్ కొన్నా మన ఊళ్లో దానికి ఎదురయ్యేవి ప్రధానంగా రెండు, ఎర్తింగు, ఉప్పుగాలి.

స్పీకర్లలో లోతుగా, నిలకడగా హుమ్మనే శబ్దం వస్తే అది 50 హెర్ట్జ్ కరెంటుకు సంబంధించినది. మౌసు కదిపినప్పుడల్లా మారే సన్నని కీచుధ్వని వస్తే అది కంప్యూటరు నుంచి యూఎస్‌బీ తీగ గుండా వస్తోంది. రెండింటికీ మొదటి మందు ఒకటే: కంప్యూటరు, ఇంటర్‌ఫేస్ అడాప్టరు, స్పీకర్లు అన్నిటినీ ఒకే ప్లగ్ బోర్డుకు పెట్టి, ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకు బయటి రొదను తగ్గించే బ్యాలన్స్‌డ్ టీఆర్ఎస్ తీగలు వేయాలి. హుమ్ము పోతుందని మూడో పిన్నును తీసేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఇనుప జాలీ ఉన్న మైకుకు పెదవులు ఆనించి పాడే మనిషి ప్రాణానికి ఆ పిన్నే రక్షణ. తీరానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఎర్త్ గుంతలోని తీగలు, బోల్టులు తుప్పు పట్టి, పిన్ను ఉన్నా ఎర్తింగు లేని పరిస్థితి నేను తరచూ చూస్తుంటాను. ఇంటర్‌ఫేస్ కొనేముందే ఎలక్ట్రీషియన్‌తో దానిని పరీక్ష చేయించండి.

ఉప్పుగాలికి జాకులు ముందుగా పాడవుతాయి. వాడని రోజుల్లో ఇంటర్‌ఫేస్ మీద గుడ్డ కప్పి, తీగలు పీకేసి ఉంచడం కన్నా వారానికోసారైనా దానిని ఆన్ చేసి, జాకులను పెట్టి తీస్తుండటం మంచిది. కండెన్సర్ మైకును మాత్రం మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. తేమ పట్టిన కండెన్సర్ మైకు పేలాలు వేగుతున్నట్లు చిటపటలాడుతుంది, అప్పుడు చాలామంది ఇంటర్‌ఫేస్ పాడైందనుకుని నా దగ్గరికి తెస్తారు. ఏసీలో చల్లబడిన మైకును బయటి ఉక్కపోతలోకి తీసుకెళ్లి వెంటనే ఆన్ చేయడమూ మంచిది కాదు.

ఇంకొక్క మాట, యూఎస్‌బీ-సి అని రాసి ఉంటే వేగం ఎక్కువని కాదు, అది మూతి ఆకారం పేరు మాత్రమే. నాలుగు చానెళ్ల ఆడియోకు 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2 కూడా ధారాళంగా సరిపోతుంది. చూడవలసింది విద్యుత్తు సంగతి. యూఎస్‌బీ 2 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపియర్లే. దానిలోంచే కండెన్సర్ మైకులు నడవడానికి కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా తయారుకావాలి. అందుకే ఇంటర్‌ఫేస్‌ను పొడిగింపు హబ్బుకు కాకుండా కంప్యూటరు వెనుక ఉన్న పోర్టుకే నేరుగా పెట్టాలి.

సమాధానం
విజయనగరం నుంచి

మాష్టారి మేనల్లుడి పని గురించి చిన్న సూచన. తప్పెటగుళ్ళ కళాకారులు గుళ్లను రొమ్ముకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ, ఎగురుతూ పాడతారు. మనిషి మనిషికీ మైకు పెట్టడం అక్కడ కుదరదు. సీతమ్మధార మిత్రులు చెప్పిన జంట మైకులు అక్కడ నిజంగా పనికొస్తాయి. ఇక జముకుల కథ బృందం ఒకచోట నిలబడి పాడినా, ఊరి అరుగు దగ్గర ప్లగ్ పాయింటు వెతుక్కోవలసి వస్తుంది. అందువల్ల ఆ అబ్బాయికి ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ మోయించే కన్నా, బ్యాటరీతో నడిచే రికార్డరు కొనివ్వడం మేలు. జూమ్ హెచ్6 వంటి వాటికి నాలుగు మైకులు తగిలించవచ్చు, ఇంటికి వచ్చాక యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు పెడితే ఇంటర్‌ఫేస్‌గానూ పనిచేస్తాయి. మీ గది కోసం కొనే పరికరాన్ని ఈ పనికి కూడా సరిపోవాలని చూస్తే రెండు పనులకూ అరకొరగా మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు
ఎంవీపీ కాలనీ నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఎర్తింగు పరీక్షకు ఎలక్ట్రీషియన్‌కు కబురు పెట్టాను. మేనల్లుడికి వేరే రికార్డరు కొనాలన్న సూచన నాకు నచ్చింది, వాడితో మాట్లాడతాను.

జంట మైకుల పద్ధతిలోని సహజత్వం నాకు అర్థమైంది. అయితే మా గదిలో పాడేవారు ఇంకా నేర్చుకుంటున్నవారు. కీర్తన అంతా చక్కగా వచ్చి, ఒక్క సంగతి దగ్గర తడబడితే, ఆ గాత్రాన్ని మాత్రమే తిరిగి పాడించి అతికించవలసి వస్తుంది. వయొలిన్, మృదంగం కళాకారులను మళ్లీ పిలిపించడం ప్రతిసారీ సాధ్యం కాదు. ఆ సౌకర్యం జంట మైకులతో ఉండదు కదా?

మరో రెండు సందేహాలు మిగిలాయి. నాలుగు ప్రీయాంపులూ కళాకారులకే సరిపోతే, శ్రుతిని ఎక్కడ పెట్టాలి? గొంతు హెడ్‌ఫోనులో ఆలస్యంగా వినిపిస్తే శ్రుతి నిలవదని ఒక శిష్యురాలు చెబుతోంది. వాళ్ల ఇంట్లో కంప్యూటరు మీద ప్రయత్నించినప్పుడు ఆమెకు ఆ ఇబ్బంది కలిగిందట.

సమాధానం
సీతమ్మధార నుంచి

తిరిగి పాడించి అతికించే అవసరం ఉంటే మీకు విడి మైకులే కావాలి, నా సూచన మీ గదికి వర్తించదు. అప్పుడు గాయకురాలిని మృదంగానికి వీలైనంత దూరంగా, గది మూలకు ఎదురుగా కాకుండా కూర్చోబెట్టి, మైకు వీపు మృదంగం వైపు ఉండేలా తిప్పండి. కార్డియాయిడ్ మైకు వెనుక నుంచి వచ్చే ధ్వనిని తక్కువగా తీసుకుంటుంది కాబట్టి, ఆ ఒక్క మలుపుతో గాత్రం ట్రాకులో మృదంగం ఎంతో తగ్గుతుంది. పూర్తిగా పోదు. అందువల్ల మృదంగం గట్టిగా పడే అరుదికి బదులు, సాహిత్యం మొదలయ్యేచోట అతుకు పెట్టుకోవాలి.

సమాధానం
గాజువాక నుంచి

మీ శిష్యురాలు చెప్పినది అక్షరాలా నిజం, దానికి కారణం కూడా స్పష్టమే. కంప్యూటరు ధ్వనిని చిన్న చిన్న మూటలుగా తీసుకుంటుంది, ఆ మూట పరిమాణాన్నే బఫర్ అంటారు. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7 మిల్లీసెకన్లు. ధ్వని లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి ఆ ఆలస్యం పడుతుంది. దానికి కన్వర్టర్లు, డ్రైవరు తీసుకునే సమయం తోడవుతుంది. వయొలిన్ కళాకారుడికి పది మిల్లీసెకన్లు పెద్ద బాధ కాదు, మూడు మీటర్ల దూరంలో కూర్చున్న వ్యక్తి పాట మనకు చేరడానికి కూడా దాదాపు అంతే పడుతుంది. గాయని పరిస్థితి వేరు. ఆమె తన గొంతును తలలోని ఎముకల ద్వారా అప్పటికప్పుడే వింటుంది. అదే గొంతు హెడ్‌ఫోనులోంచి వెనుకపడి వస్తే రెండూ కలిసి కొన్ని పౌనఃపున్యాలను చెరిపేస్తాయి, అందుకే స్వరస్థానం మీద పట్టు జారినట్లు అనిపిస్తుంది.

దీనికి పరిష్కారం డైరెక్ట్ మానిటరింగ్. మైకు ధ్వనిని కంప్యూటరుకు పంపకుండా ఇంటర్‌ఫేస్ తన లోపలి నుంచే హెడ్‌ఫోనుకు ఇస్తుంది, కాబట్టి ఆలస్యం చెవికి తెలియదు. కొనే పరికరంలో ఇది తప్పనిసరిగా ఉండాలి. అయితే ఆ ధ్వని పొడిగా ఉంటుంది, చాలామంది గాయకులకు కొద్దిగా రివర్బ్, అంటే ప్రతిధ్వని, ఉంటేనే పాడాలనిపిస్తుంది. అందుకు నేను చేసేది చెబుతాను. డైరెక్ట్ మానిటరింగ్‌ను ఆన్‌లోనే ఉంచి, రీపర్‌లో గాత్రం ట్రాకు నుంచి వేరే ట్రాకుకు ఒక సెండ్, అంటే ధ్వని నకలు పంపే దారి, తీసి, ఆ రెండో ట్రాకులో రివర్బ్ పెట్టి, అందులో పొడి గొంతు ఏమాత్రం లేకుండా వంద శాతం రివర్బే వచ్చేలా చేస్తాను. మొదటి ట్రాకు నుంచి చివరి మిశ్రమమైన మాస్టరుకు వెళ్లే దారిని మూసేస్తాను. అప్పుడు పొడి గొంతు ఇంటర్‌ఫేస్ నుంచి వెంటనే వస్తుంది, రివర్బ్ మాత్రం కంప్యూటరు నుంచి పది మిల్లీసెకన్ల తర్వాత వస్తుంది. రివర్బ్‌కు ఆ ఆలస్యం దోషం కాదు, నిజమైన మందిరంలో కూడా ప్రతిధ్వని అలాగే వెనుక వస్తుంది.

శ్రుతికి ఇన్‌పుట్ అవసరమే లేదు. తంబుర నాదాన్ని ఒకసారి శుభ్రంగా రికార్డు చేసుకుని, రీపర్‌లోనే ఒక ట్రాకుగా పెట్టి హెడ్‌ఫోనులలోకి పంపండి. నిలకడైన నాదం కాబట్టి దానికి ఆలస్యం అంటదు. ఇందులో మరో లాభం ఉంది. వారం తర్వాత అదే శిష్యురాలితో ఒక సంగతి తిరిగి పాడించినా శ్రుతి వెంట్రుకవాసి కూడా మారదు కాబట్టి అతుకు కలుస్తుంది. శ్రుతి పెట్టెను గదిలో మోగనిస్తే అది నాలుగు మైకులలోకీ చేరుతుంది, ఆ తర్వాత ఏ ట్రాకును తగ్గించినా శ్రుతి ఎగుడుదిగుడవుతుంది.

ఇక పరికరం. మీరు చెప్పిన అవసరాలకు ఆడియంట్ ఈవో 8 సరిపోతుందని నా అభిప్రాయం. నాలుగు మైకు ప్రీయాంపులు, వేరువేరు మిశ్రమాలు పంపగలిగే రెండు హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌లు ఉన్నాయి, మీ బడ్జెట్‌లోనే దొరుకుతుంది. గాయనికి ఒకటి, మిగిలిన ఇద్దరికీ ఒకటి ఇచ్చి, ఆ రెండోదానిని చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయరుతో ఇద్దరికి పంచవచ్చు. ఇంకా పొదుపు చేయాలనుకుంటే బెరింగర్ యూఎంసీ 404హెచ్‌డీలో కూడా మైడాస్ రూపొందించిన ప్రీయాంపులు నాలుగు ఉన్నాయి, దానికి విడి అడాప్టరు పెట్టుకోవాలి. ముందుముందు ఎనిమిది మైకులకు పెరుగుతామన్న నమ్మకం ఉంటే మాత్రం ఈ రెండింటినీ వదిలి, ఏడాట్ ఉన్న స్కార్లెట్ 18ఐ16 వంటి దానిని చూడండి. మీ గది కొలతలను బట్టి ఆ అవసరం వస్తుందని నాకు అనిపించడం లేదు. పాత ఫైర్‌వైర్ ఇంటర్‌ఫేస్‌లు ఎంత తక్కువకు ఇస్తామన్నా తీసుకోవద్దు, మీ కంప్యూటరులో ఆ పోర్టు ఉండదు, డ్రైవర్లూ రావు. హెడ్‌ఫోన్లు కొనేటప్పుడు 250 ఓముల వాటిని కాకుండా 80 ఓములు, అంతకన్నా తక్కువ ఉన్న మూసిన రకాన్ని ఎంచుకోండి. యూఎస్‌బీ విద్యుత్తుతో నడిచే ఇంటర్‌ఫేస్ పెద్ద ఓముల హెడ్‌ఫోన్‌ను మృదంగం పక్కన వినబడేంత గట్టిగా మోగించలేదు.

తెచ్చిన రోజే ఒక పరీక్ష చేయండి. విండోస్ పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చి, లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును కాసేపు నడిపి, ఏ డ్రైవరైనా కంప్యూటరును ఆపుతోందేమో చూడండి. చాలాసార్లు వైఫై డ్రైవరే దోషిగా తేలుతుంది, రికార్డింగు సమయంలో దానిని ఆపేస్తే సరిపోతుంది. ఆ తర్వాత నాలుగు చానెళ్లనూ ఆన్ చేసి, 128 బఫర్‌తో, తంబుర ట్రాకును హెడ్‌ఫోనులో మోగిస్తూ గంటసేపు రికార్డు చేయండి. మర్నాడు స్థిమితంగా వినండి. తంబుర నిలకడైన నాదం కాబట్టి ఎక్కడ తెగినా ఇట్టే తెలిసిపోతుంది, దానిని మైకు ద్వారా ఒక చానెల్‌లోకి కూడా తీసుకోండి. వైఫై ఆపాక, బఫర్‌ను 256కు పెంచాక కూడా తెగుతుంటే, తిరిగి తీసుకునే గడువు ముగియకముందే దుకాణానికి ఆ రికార్డింగు వినిపించండి.